రెండు బళ్లు, ఒక దిగుడు

కాఫీ పళ్ల బస్తాలు, అల్లం మూటలు, కోళ్ల గంప, సంతకి పోయే మనుషులు అందరూ సర్దుకున్నాక సుక్రు తన జీపుని ఆఖరున రాజకుమారి వాకిట్లోకి తెచ్చి హారన్ కొడతాడు. అప్పటికే జీపు వెనక మనుషులు వేలాడుతుంటారు. టాపు మీద కూడా చోటుండదు. ముందు సీటు మాత్రం ఖాళీ. ఎంత ఇరుకైనా ఆ సీటు ఎవరూ అడగరు. అది రాజకుమారి అత్త అప్పలనర్సమ్మది.

"పెద్దమ్మా, బేగి రా! ఎండెక్కిపోతంది," అని సుక్రు అరుస్తాడు.

"వత్తన్నాన్రా. నాను లేకండా ఎప్పుడేనా ఎల్లినావేటి, అంత తొందర?" అంటూ ఆవిడ అడ్డచుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తుంది. ఆవిడ కూర్చోగానే జీపు ముక్కు కాస్త ముందుకి వాలుతుంది. సుక్రు ఇంజను ఆపేస్తాడు. జీపు దానంతటదే కదులుతుంది.

అప్పలనర్సమ్మ ఎక్కిన బండికి దారంతా దిగుడే. తమ కరకపుట్టు ఊరి నుంచి అరకు పోయేటప్పుడూ దిగుడే, అరకు నుంచి కరకపుట్టు వచ్చేటప్పుడూ దిగుడే. పుట్టుకతోనే అంత. కొందరికి ఎడమచేతి వాటం ఉంటుంది, ఆవిడకి దిగుడు వాటం. ఆ చుట్టుపక్కల జీపులవాళ్లంతా వంతులు వేసుకుని ఆవిడని ఎక్కించుకునేవాళ్లు. టిక్కెట్టు అడిగేవాళ్లు కాదు, పైగా టీ ఇప్పించేవాళ్లు. డీజిలు మిగిలేది. కాకపోతే బ్రేకులు అరిగిపోయేవి. అరకులో బ్రేకులు బాగుచేసే మెకానిక్ మేడ కట్టాడంటే అందులో ఆవిడ వాటా ఉంది.

ఆవిడ మోకాళ్లు కూడా బ్రేకుల్లాగే అయ్యాయి. నడిచినా దిగుడే కదా మరి. చిన్నప్పటి నుంచి ఒక్క ఎత్తు కూడా ఎక్కని మనిషి. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే కిటికీ వైపు పెట్టి చూసి, "ఎక్కుడు గుండెకి పని చెబుతుంది, దిగుడు మోకాలికి. గుండె పదహారేళ్ల పిల్లదిలా ఉంది మామ్మగారూ. మోకాళ్లే లేవు," అంది. ఇంకో ఏడాది ఇలా తిరిగితే మంచం మీద నుంచి లేవలేరని కూడా అంది.

అందుకే కారు మాట వచ్చింది. జీపు మెట్టు మీదికి కాలెత్తడం ఆవిడ వల్ల కావడం లేదు. కాఫీ, మిరియాలు రెండేళ్లుగా బాగా పలికాయి. ఇంటి వెనక టూరిస్టుల కోసం కట్టిన గదులు శని, ఆదివారాలు ఖాళీ ఉండటం లేదు. రాజకుమారి భర్త ధర్మ ఆశ్రమ పాఠశాలలో లెక్కల మాస్టారు, నెల తిరిగేసరికి జీతం వచ్చేస్తుంది. కారు కొనాలన్నది ఇద్దరూ ఒప్పుకున్న మాటే. ఏ కారన్న దగ్గరే ఇల్లు రెండయింది.

ధర్మకి పెద్దది కావాలి. తెల్లటి పెట్రోలు బండి, మూడు వరసల సీట్లు. దాని ఫొటో ఫోన్లో పెట్టుకుని స్టాఫ్ రూములో అందరికీ చూపించాడు.

"మనం ఎక్కడికెళ్లినా మనమే వెళ్తామా? మా చిన్నాన్నలు, మీ అన్నలు, వాళ్ల పిల్లలు, ఓ కోడి, ఓ గుమ్మడికాయ. అయిదు సీట్ల బండి కొంటే ఎవర్ని దింపుతావు?"

"మీ చిన్నాన్నల్ని," అంది రాజకుమారి.

ఆమెకి నీలం బండి కావాలి. అది ప్లగ్-ఇన్ హైబ్రిడ్. ఇంట్లో ప్లగ్గు పెట్టి ఛార్జి చేసుకోవచ్చు, ఛార్జి అయిపోతే పెట్రోలు మీద నడుస్తుంది. అంతవరకైతే ఆమె కూడా అంత పట్టు పట్టేది కాదు. కరకపుట్టులో కరెంటు వచ్చేదానికంటే పోయేదే ఎక్కువ. కానీ షోరూం వాళ్ల వీడియోలో ఒక ముక్క ఆమె చెవిన పడింది. దిగుడులో కాలు తీస్తే చాలు, ఆ జారుడే కరెంటై బ్యాటరీలోకి పోతుందట.

ఆ మాట విన్న పూట రాజకుమారి అన్నం వండటం మర్చిపోయింది. పొయ్యి దగ్గర నిలబడి, గరిటె పట్టుకుని, గోడకేసి చూస్తూ నవ్వింది.

"మాస్టారూ! మీరు లెక్కల మాస్టారు కదా, ఈ లెక్క చెయ్యండి. దిగుడులో బ్యాటరీ నిండుద్ది. అత్త కూర్చుంటే దారంతా దిగుడే. పోయేటప్పుడు నిండుద్ది, వచ్చేటప్పుడు నిండుద్ది. ప్లగ్గూ వద్దు, పెట్రోలూ వద్దు. బ్రేకులు అరగవు. మిగిలిన కరెంటుతో గదుల్లో గీజర్లు వేసుకోవచ్చు!"

ధర్మ వేళ్ల మీద లెక్క వేసి చూశాడు. లెక్కలో తప్పు దొరకలేదు. పాతికేళ్లుగా పిల్లల లెక్కల్లో తప్పులు పట్టే మనిషికి అదొక బాధ.

"అత్తా, నీకు నీలం బండి నచ్చిందా?" అని రాజకుమారి గెలిచిన గొంతుతో అడిగింది.

అరుగు మీద మోకాళ్లకి నువ్వుల నూనె రాసుకుంటున్న అప్పలనర్సమ్మ తల ఎత్తలేదు.

"ఏ బండైతే నాకేటి? నన్నొక్కసారి ఎక్కిత్తే సాలు."

"రోజూ ఎక్కుతావు కదే," అన్నాడు ధర్మ.

"బండి కాదురా. కొండ. మబ్బుల మెట్ట."

మబ్బుల మెట్ట ఊరికి పైనే ఉంది. చలికాలం తెల్లవారుజామున టూరిస్టులు దాని మీదికి పోయి కిందున్న మబ్బుని చూసి కేకలు పెడతారు. లోయంతా పాలు పోసినట్టు ఉంటుంది. ఎండ ముదిరితే మబ్బు లేచిపోతుంది, ఇక చూడ్డానికి ఏమీ ఉండదు. సుక్రు అప్పలనర్సమ్మని కూర్చోబెట్టుకునే ఆ టూరిస్టుల్ని తీసుకుపోతుంటాడు. ఆవిడ అక్కడికి ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కలేదు.

"ఎల్లినాను. దిగి ఎల్లినాను," అంది ఆవిడ. "మీరు పైకెల్లినామంటారు, కిందకి సూసి ఆహా అంటారు. నాను గొయ్యిలోకి దిగినట్టుంటాది. మబ్బు నా నెత్తి మీదే ఉంటాది. ఇంట్లో ఉన్నా నెత్తి మీదే, మెట్ట మీదున్నా నెత్తి మీదే. మబ్బు ఈపు ఎలగుంటాదో నాకు తెల్దు. కాళ్లు పడిపోకముందు ఒక్కసారి సూడాల. ఏ బండి నన్ను ఎక్కిత్తే ఆ బండి కొనండి. ఏదీ ఎక్కించకపోతే ఏదీ వొద్దు. డబ్బులు బేంకులో ఏసుకోండి."

కాఫీ తోట ఆవిడ పేరు మీద ఉంది. ఆవిడ గట్టిగా మాట్లాడటం ఎప్పుడో గాని జరగదు, జరిగినప్పుడు అది ఖాయం.

"ఎక్కిస్తాంలే అత్తా," అంది రాజకుమారి. ఎలాగో మాత్రం ఆమెకి తెలియదు.

*

విశాఖపట్నం షోరూం వాళ్లు సంత మైదానంలో టెంటు వేసి నాలుగు రోజులు మేళా పెట్టారు. ఆఖరి రోజు తెల్లారకుండానే సేల్స్ కుర్రాడు రవిబాబు తెల్ల బండిలో, వెనకాల వాళ్ల డ్రైవరు నీలం బండిలో కరకపుట్టు వచ్చేశారు. ఆ పొద్దు ఊరంతా రాజకుమారి వాకిట్లోనే ఉంది. రత్నాలు అనే పొరుగావిడ పసుపు నీళ్లు కలిపి సిద్ధంగా ఉంచింది, ఏ బండికి కొట్టాలో తేలాక కొడదామని. సుక్రు రెండు బళ్ల చుట్టూ తిరిగి టైర్లని కాలితో తన్ని చూశాడు.

రవిబాబు చలికి వణుకుతూనే మొదలెట్టాడు. "మేడం, మీ హిల్ ఏరియాకి పికప్ ముఖ్యమండి. అందుకే టెస్ట్ డ్రైవ్ మెట్ట మీదికే పెడదాం. బండి ఎలా ఎక్కుతుందో మీరే చూస్తారు." అంతలో గోడ పట్టుకుని వస్తున్న అప్పలనర్సమ్మని చూసి ఆగిపోయాడు. "అయ్యో, సంతలో జీపులవాళ్లు చూపించిన దిగుడు మామ్మగారు మీ ఇంట్లోవారా? ఆవిడ ఎక్కితే ఇంక టెస్టు ఏముంటుందండి? ఎడ్లబండి కూడా పరిగెడుతుంది."

ఊరంతా ఘొల్లుమంది. నిజమే, ఆ మాట ఎవరికీ తోచలేదు. బండి ఎక్కుడు చూడ్డానికి, ఎక్కుడన్నదే లేని మనిషిని కూర్చోబెట్టుకుని పోతున్నారు.

"ఆవిడకే టెస్టు బాబూ," అంది రాజకుమారి. "ఆవిడతో ఏ బండి ఎక్కితే అది కొంటాం."

రవిబాబు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ నెల అతను అప్పటిదాకా ఒక్క బండీ అమ్మలేదు. "ఛాలెంజ్ అన్నమాట! ఓకే మేడం. ముందు పెద్దది."

తెల్ల బండి ముందు సీట్లో అప్పలనర్సమ్మని కూర్చోబెట్టారు. ధర్మ స్టీరింగు పట్టుకున్నాడు. రాజకుమారి, రవిబాబు, సుక్రు వెనకాల కూర్చున్నారు. ధర్మ పెళ్లిలో కూడా అంత నిటారుగా కూర్చోలేదు. యాక్సిలరేటరు మీద కాలేశాడు. ఇంజను గర్జించింది. వాకిట్లో కోళ్లు ఎగిరిపోయాయి. బండి ముక్కు వంచి జర్రున జారింది.

"మాస్టారూ, బ్రేకు!"

మొదటి మలుపు, రెండో మలుపు. పక్కన కాఫీ చెట్లు, వాటి మధ్య సిల్వర్ ఓకులు, వాటి మీదికి పాకిన మిరియాల తీగలు అన్నీ పైకి లేచిపోతున్నాయి. బండి దిగుతూనే ఉంది. ధర్మ మొండివాడు. పెట్రోలు బండి బలం చూపించాలని ఇంకా తొక్కాడు. ఎంత తొక్కితే అంత వేగంగా దిగింది. రవిబాబు కళ్లు మూసుకుని ఇష్టదైవాన్ని తలుచుకున్నాడు. మెట్ట మీదికి చేరేసరికి చక్రాల దగ్గర నుంచి కాలిన వాసన కొట్టింది.

మిగతావాళ్లు దిగారు. కింద లోయ నిండా మబ్బు, తెల్లగా, ఎండకి అంచులు మెరుస్తూ. రవిబాబు చలి మర్చిపోయి ఫోన్ తీశాడు.

అప్పలనర్సమ్మ సీట్లోంచే తల వంచి పైకి చూసింది. "నెత్తి మీదే ఉంది," అంది. చుట్ట వెలిగించింది.

ఊళ్లోకి తిరిగొచ్చాక నీలం బండి. అది చప్పుడే చెయ్యలేదు. రాజకుమారి తానే నడిపింది. సుక్రు జీపు మీద నేర్చుకున్న డ్రైవింగు, లైసెన్సు కూడా ఉంది. నీలం బండి పాదరసంలా జారింది. ముందున్న తెర మీద పచ్చగీత ఒకటి పాకుతూ పెరుగుతోంది. రవిబాబు సీట్ల మధ్యలోంచి తల దూర్చి అరవడం మొదలెట్టాడు.

"పెరుగుతోంది మేడం! పైకి వెళ్తూ ఛార్జ్ అవుతోంది! కంపెనీ వాళ్లు కూడా ఇది చూసుండరు. చూడండి సార్, సగం దాటింది!"

"చూశారా మాస్టారూ?" రాజకుమారి గొంతు కీచుమంది.

"చూస్తున్నాను, చూస్తున్నాను," అన్నాడు ధర్మ. ఓడిపోతున్నవాడు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. సుక్రు అయితే సీటు మీద చరుస్తూ కూర్చున్నాడు. మెట్ట చేరి, తిరిగి ఊళ్లోకి వచ్చేసరికి పచ్చగీత నిండిపోయింది. ఇంకా నిండటానికి చోటు లేదని తెర మీద ఏదో అక్షరాలు కూడా వచ్చాయి. వాకిట్లో జనం చప్పట్లు కొట్టారు. రత్నాలు పసుపు నీళ్ల గిన్నె ఎత్తింది.

"ఉండు రత్నాలూ," అంది రాజకుమారి. ఎందుకన్నదో ఆమెకే తెలియలేదు. అత్త మొహం చూసింది. అప్పలనర్సమ్మ మొహంలో కోపం లేదు. బస్సు తప్పిపోయిన మనిషి మొహంలా ఉంది.

"బండి బాగుంది గుంటా," అంది ఆవిడ. "కొనుక్కో. మరేటి సేత్తావు. నా మాట ఒగ్గీ." అని తలుపు తీసుకుని బయటికి వంగి, కొత్త సీట్ల వాసనకి, మలుపులకి, పొద్దున తాగిన అంబలి అంతా కక్కేసింది.

*

గాలి కావాలంది ఆవిడ. నీలం బండి పక్కనే ఉన్న తెల్ల బండి వెనక తలుపు ధర్మ పైకెత్తాడు. మూడో వరస సీట్లు మడిచి ఉన్నాయి. అంచు వెడల్పుగా, అరుగులా ఉంది. తల్లిని జాగ్రత్తగా ఎత్తి అక్కడ కూర్చోబెట్టాడు. కాళ్లు బయటికి వేలాడేసుకుని, ఊరి వైపు మొహం పెట్టి ఆవిడ నోరు కడుక్కుంది, మళ్లీ చుట్ట తీసింది.

"స్మోకింగ్ వద్దండీ, డెమో బండి అండీ," అని రవిబాబు గింజుకున్నాడు.

"నీ బండికి ఏటి కాదురా నాయినా. నిప్పు నా నోట్లో ఉంటాది."

అప్పుడే మబ్బు చీలికలోంచి ఎండ వచ్చి ఆవిడ కళ్లలో కొట్టింది. బండిని కాస్త ముందుకి, పనస చెట్టు నీడలోకి జరుపుదామని ధర్మ స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇంజను వేయలేదు. ఎందుకు వేస్తాడు? తల్లి బండిలో ఉంటే బ్రేకు వదిలితే చాలు, ముందుకి పోతుంది. పుట్టిన దగ్గర నుంచి చూస్తున్నదే. బ్రేకు వదిలాడు.

బండి వెనక్కి జారింది.

వెనకున్న జనం కెవ్వుమని చెదిరారు. సుక్రు ఓ రాయి లాక్కొచ్చి చక్రం కింద తోశాడు. బండి ఆగింది. ధర్మ కిటికీలోంచి తల బయటపెట్టి, తన వాకిలిని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. వాకిలి ముందు దారి పనస చెట్టు దాకా ఎత్తుగా ఉంది. ఆ ఎత్తు ఎప్పుడూ అక్కడే ఉంది. బండిలో తల్లి ఉండగా అది ఎత్తుగా ఉండటం మాత్రం ఇదే మొదలు.

రాజకుమారి పరిగెత్తుకుంటూ బండి వెనక్కి వచ్చింది.

"అత్తా, ఓసారి ముందుకి తిరుగు. మెల్లగా. ఇటు, ఇంజను వైపు."

అప్పలనర్సమ్మ అంచు మీదే నడుం తిప్పి ముందుకి చూసింది. బండి ముందుకి ఊగింది. ధర్మ బ్రేకు నొక్కాడు.

"ఇప్పుడు మళ్లీ ఎనక్కి."

ఆవిడ వెనక్కి తిరిగింది. బండి బరువుగా వెనక్కి ఆనింది. రాయి కరకరమంది.

"ముందుకి!"

"ఓలమ్మో, నన్ను తిరగలి సేసీసినావేటే?" అంది ఆవిడ. అంటూనే తిరిగింది. బండి ముందుకి ఊగింది. జనంలోంచి ఒక అరుపు లేచింది. ఒకడు ఈల వేశాడు. రవిబాబు "హ్యాండ్‌బ్రేక్ సార్, హ్యాండ్‌బ్రేక్!" అని గెంతుతున్నాడు.

సుక్రు రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడు. "పెద్దమ్మ మొహం ఎటుంటే అటు దిగుడు. ఈపు ఎటుంటే అటు ఎక్కుడు. ఇంతేనా? మా అయ్య కాలం నుంచి ముందు సీట్లో కూకోబెట్టి తిప్పుతున్నాం. ఎవడికీ తోచలేదు!"

"నీకెందుకు తోస్తుంది? డీజిలు మిగులుతోంది కదా," అంది రాజకుమారి.

అనేశాక ఆ మాట తన నోట్లోనే చేదుగా ఆగింది. పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని తాను చేసిన లెక్కలో కూడా అత్త ముందు సీట్లోనే ఉంది. పోయేటప్పుడూ, వచ్చేటప్పుడూ, గీజర్లు వెలిగినన్నాళ్లూ. సుక్రు ఆవిడకి టీ అయినా ఇప్పించేవాడు.

ఆలోచించడానికి టైము లేదు. మెట్ట వైపు చూస్తే ఎండ సగం దాకా దిగిపోయింది. మబ్బు లేచిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

"మాస్టారూ, ఇంజను వెయ్యండి."

"వెనక తలుపు తీసి ఘాట్ రోడ్డెక్కడమా? కంపెనీ రూల్స్ ఒప్పుకోవండి," అని రవిబాబు అడ్డం వచ్చాడు. "నీలం బండిలో వెనక్కి కూర్చోబెడదాం మేడం, సేఫ్‌గా."

నీలం బండి వెనక తలుపు ఎత్తి చూశారు. బ్యాటరీ అడుగున ఉండటంతో నేల ఎత్తుగా లేచి ఉంది, పైన అద్దం వాలుగా కిందికి వచ్చేసింది. అక్కడ ఒక సూట్‌కేసు పడుతుంది, మనిషి పట్టదు. వెనక సీటు మీద మోకాళ్లు వేసుకుని వెనక్కి తిరిగి కూర్చోవాలంటే, మోకాళ్లు ఉండాలి. రాజకుమారి తలుపు దించేసింది. చాలా మెల్లగా దించింది, ఎందుకంటే ఆ బండంటే ఆమెకి ఇంకా ఇష్టమే.

తెల్ల బండి వెనక నేల మీద చాప వేశారు. అప్పలనర్సమ్మని లోపలికి జరిపి, వెనక్కి మొహం పెట్టి కూర్చోబెట్టారు. ఒక పక్క రాజకుమారి, ఇంకో పక్క రత్నాలు ఎక్కారు. థింసా ఆటలో పట్టుకున్నట్టు చేతులు వెనకనుంచి ఒకరి నడుం మీదుగా ఒకరు పెనవేసి ముసలమ్మని మధ్యలో బిగించారు. రవిబాబు తలుపు సగం దించి తాడుతో కట్టి, ఏడవలేక నవ్వుతూ ముందు సీట్లో, అప్పలనర్సమ్మ సీట్లో, కూర్చున్నాడు.

"మొదటి గేరు," అని సుక్రు బయటి నుంచి అరిచాడు. "మాస్టారన్నా, మొదటి గేరులోనే పోవాల! పెద్దమ్మతో ఎక్కడం నీకు అలవాటు లేదు!"

అలవాటు ఎవరికీ లేదు.

తెల్ల బండి మూలిగింది. పొద్దున చేసిన గర్జన కాదది, బరువెత్తుతున్న మనిషి చేసే చప్పుడు. చక్రాలు మట్టిని పట్టుకున్నాయి. అప్పలనర్సమ్మ వీపు ముందుకి వాలకుండా, రెండు పక్కల చేతుల్ని గట్టిగా పట్టుకుంది. ఆవిడ కళ్ల ముందు వాకిలి చిన్నదయింది. పనస చెట్టు కొమ్మలు కాదు, తల కనిపించింది. తర్వాత ఇంటి కప్పు.

"ఓ గుంటా," అంది ఆవిడ. "మన ఇంటి మీద రేకు కన్నం పడింది సూడు."

"నీకు కనబడుతోందా?"

"పైనుంచి కనబడతంది!"

మొదటి మలుపు. ఇంజను ఏడుపు పెంచింది. ధర్మ చెమటలు కక్కుతూ స్టీరింగు తిప్పాడు. రోడ్డు పక్క కాఫీ చెట్లు ఒక్కోటీ కిందికి దిగిపోతున్నాయి. బండి వెనక పరుగెత్తుకొస్తున్న జనం చీమలయ్యారు. వాళ్ల కేకలు పలచబడ్డాయి. రెండో మలుపులో బండి ఒక్క క్షణం తటపటాయించింది. రవిబాబు డాష్‌బోర్డుని చేత్తో నిమిరాడు. "కమాన్ తల్లీ, కమాన్. టార్క్ ఉంది నీకు, నేను చెప్పాను కదా అందరికీ, ఉంది నీకు." ఎవరూ వినలేదనుకున్నాడు. ధర్మ విని నవ్వాడు, నవ్వుతూనే తొక్కాడు. బండి కదిలింది.

అప్పలనర్సమ్మ ఆయాసపడుతోంది. ఊరికే కూర్చున్న మనిషి కొండ ఎక్కుతున్నట్టు రొప్పుతోంది. చెయ్యి గుండె మీద పెట్టుకుంది.

"అత్తా, ఏటయింది? ఆపించనా?"

"ఆపించకు. ఇదేటి గుంటా, దడదడమంటంది?"

"ఎక్కితే అంతే. అందరికీ అంతే."

"ఇంత బాగుంటాదేటి?"

రత్నాలు గట్టిగా నవ్వేసింది, రాజకుమారి కూడా. మూడో మలుపు దగ్గర పొగమంచు అంచు వచ్చి వాళ్ల పాదాల్ని తడిపింది. బండి మబ్బులోకి దూరింది. అంతా తెల్లన. ఒకరి మొహం ఒకరికి కనిపించలేదు, చేతులే తెలుస్తున్నాయి. ఇంజను చప్పుడు దూరం నుంచి వస్తున్నట్టుంది. రాజకుమారి మెడ తిప్పి పైకి తొంగిచూసింది. ఆలస్యమైందేమో, మబ్బు అప్పటికే లేచి మెట్టని కప్పేసిందేమో, ఇంత చేసీ మళ్లీ ఆవిడకి నెత్తి మీదే మిగులుతుందేమో.

"మాస్టారూ, బేగి!"

"మొదటి గేరేనే!"

తెలుపు పలచబడింది. వెచ్చగా ఎండ తగిలింది ముందు, తర్వాత వెలుతురు. బండి చివరి ఎత్తు ఎక్కి, నిట్టూర్చి, ఆగింది. తాడు విప్పి తలుపు పైకెత్తారు.

మబ్బు కింద ఉంది. లోయ ఈ చివర నుంచి ఆ చివరికి, తెల్లగా, దువ్విన దూదిలా, అక్కడక్కడ కొండ కొమ్ములు పైకి లేచి. దాని మీద ఎండ నడుస్తోంది. ఒక గద్ద దాని మీదుగా, వాళ్లకి కిందుగా ఎగిరిపోయింది. అప్పలనర్సమ్మ గద్ద వీపు చూసింది. మబ్బు వీపు చూసింది. చుట్ట ఎప్పుడు ఆరిపోయిందో ఆవిడకి తెలియలేదు.

"ఈ కిందనేటి నానింతకాలం బతికినాను?" అంది.

"అవునత్తా."

"మరైతే సలి ఎయ్యదేటి?" అని, తన మాటకి తానే నవ్వింది. నవ్వుతుంటే కళ్లు కారాయి, తుడుచుకోలేదు. ముక్కు మాత్రం కొంగుతో గట్టిగా చీదింది.

రవిబాబు దగ్గరికొచ్చి మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "మేడం, నీలం బండి బ్యాటరీ ఫుల్‌గా ఉందండి. బుకింగ్ ఇప్పుడే రాసేద్దామా?"

"తెల్లది రాయండి," అంది రాజకుమారి.

ధర్మ ఆమె వైపు తిరిగాడు. గెలిచినందుకు ఎగిరి గంతెయ్యాలి, కానీ తటపటాయించాడు. "ఆలోచించుకో. నీ లెక్కలో తప్పు లేదు. పెట్రోలు తాగి ఊరుకోదు ఇది. ఇలా ఎక్కిస్తే మరీను. నీ కరెంటో?"

"కరెంటు కరెంటాఫీసు వాళ్లని అడుగుదాం. అత్తని కాదు." తెల్ల బండి అంచు మీద అరచెయ్యి వేసింది. బానెట్ ఇంకా వేడిగా పొగలు కక్కుతోంది. "మీ చిన్నాన్నలు మాత్రం రోజూ ఎక్కకూడదు. అది కూడా రాయండి రవిబాబూ."

"దానికి కాలమ్ లేదండి," అన్నాడు రవిబాబు. ఆ నెలలో అతని మొదటి బుకింగ్ అది. అక్షరాలు గుండ్రంగా రాశాడు.

మబ్బు మెల్లగా చెదరడం మొదలెట్టాక బయల్దేరదామన్నారు. రాజకుమారి అత్త భుజం పట్టుకుంది. "మరి తిరిగి వెళ్లేటప్పుడు ఎటు కూర్చుంటావు? ముందు సీట్లో కూర్చుంటే ఇట్టే దిగిపోవచ్చు. వెనక్కి కూర్చుంటే ఇదీ ఎక్కుడే అయిపోద్ది. బండికీ కష్టం, నీకూ ఆయాసం."

అంతవరకూ ఆవిడ ఎటు కూర్చోవాలో ఆవిడని ఎవరూ అడిగి ఉండలేదు. అప్పలనర్సమ్మ ముందు సీటు చూసింది. వెనక చాప చూసింది. బజారులో చీర ఎంచుకునే మనిషిలా తీరిగ్గా, రెండుసార్లు చూసింది. ధర్మ హారన్ కొట్టబోయి మానుకున్నాడు.

"ఇంటికి కూడా ఎక్కే ఎల్దాం," అంది ఆవిడ.

చాప మీద కూర్చుని, వెనక్కి మొహం తిప్పి, రెండు పక్కలా చేతులు చాచింది. రాజకుమారి ఒక చెయ్యి పట్టుకుంది, రత్నాలు ఒకటి. ధర్మ మొదటి గేరు వేశాడు. తెల్ల బండి మూలుగుతూ ఇంటి దారి ఎక్కడం మొదలెట్టింది. మబ్బుల మెట్ట వాళ్ల కళ్ల ముందే కిందికి, ఇంకా కిందికి పోతోంది.

"మాస్టారూ, ఊరు కనబడుతోందా?" అని రాజకుమారి అరిచింది.

"కనబడుతోంది," అన్నాడు ధర్మ. అద్దం మీదికి వంగి, మెడ పైకెత్తి చూస్తున్నాడు. "పైన. చాలా పైన. పొయ్యి పొగలు లేస్తున్నాయి."